ఎరుపు అవతలి వెలుగును చదివిన ఆచార్యుడు: సూరి భగవంతం

బడిలో సైన్స్ గది కిటికీ నుంచి పడే ఎండకు పట్టకం అడ్డం పెట్టి, గోడ మీద ఏడు రంగుల పట్టీని చూసిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊదా దగ్గర మొదలై ఎరుపు దగ్గర ఆగిపోయే ఆ పట్టీని నోట్సులో గీసుకున్నాం. ఎరుపు తర్వాత ఏముందంటే పరారుణ కిరణాలున్నాయని, అవి కంటికి కనిపించవని రాసి ఒక మార్కు తెచ్చుకున్నాం. ఎందుకు కనిపించవో పరీక్షలో అడగలేదు. మనమూ అడగలేదు.

మనం అడగకుండా వదిలేసిన ఆ ప్రశ్నకు చాలా దగ్గరగా పనిచేసిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. కంటికి అందని పరారుణ వెలుగులో పదార్థం దాచుకున్న సంగతులను, కంటికి అందే వెలుగులోంచే ఎలా చదవాలో లెక్కకట్టి చూపినవాళ్ళలో ఆయన ముందువరసలో నిలిచారు. ఆయన పేరు సూరి భగవంతం. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన బాన్సువాడ వైపు పిల్లల డిగ్రీ చదువులకు ఉస్మానియాయే పెద్దదిక్కు. మన సీనియర్లలో ఎందరి ఇళ్ళలోనో ఆ పట్టా ఇప్పటికీ గోడ మీద ఉంటుంది. ఆ విశ్వవిద్యాలయాన్ని ఒక కష్టకాలంలో నడిపిన మనిషి జీవితాన్ని స్వర్ణోత్సవ సంచికలో తలచుకోవడం మన బాధ్యత అనిపించింది.

ఆగిరిపల్లి నుంచి నిజాం కాలేజీకి

భగవంతం 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. అప్పుడు కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో, బ్రిటిష్ పాలన కింద ఉండేది. మన ప్రాంతం నిజాం పాలనలో ఉండేది. రెండు పాలనలు, రెండు రకాల చదువులు. ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. హైదరాబాదులోనే ఉన్న నిజాం కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషులో పాఠాలు చెప్పేది. భగవంతం ఆ కాలేజీలో చేరి భౌతికశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశారు.

అది 1928. ఆ ఏడాది ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ తన పేరుతో ప్రసిద్ధి కెక్కబోయే ఆవిష్కరణ చేశారు. రామన్ తమిళుడే కానీ, ఆయన తండ్రి విశాఖపట్నంలోని ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు కావడంతో చిన్ననాటి చదువంతా విశాఖలోనే సాగింది. డిగ్రీ చేతికి రాగానే భగవంతం ఆయన దగ్గర పరిశోధన చేయడానికి కలకత్తా వెళ్ళారు. అప్పుడాయనకు పందొమ్మిదో ఏడు. ఏ ప్రయోగశాల మీద ప్రపంచం చూపంతా ఉందో, సరిగ్గా ఆ ఏడాదే ఆ గడప తొక్కారు.

ఆయన అక్కడ ఏం చేశారో అర్థం కావాలంటే, ఎరుపు అవతల ఏముందో ముందు కొంచెం చూడాలి.

ఎరుపు అవతల ఏముంది

పరారుణ కిరణాలను కనిపెట్టినది విలియం హెర్షెల్. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులో సంగీతంతో బతుకుతూ ఖగోళశాస్త్రం వైపు మళ్ళిన మనిషి. 1781లో యురేనస్ గ్రహాన్ని గుర్తించినది ఆయనే. 1800లో ఆయన పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఏ రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలిచారు. ఎరుపు దాటిన తర్వాత, ఏ రంగూ కనిపించని చోట పెట్టిన థర్మామీటర్ ఇంకా ఎక్కువ వేడి చూపింది. కంటికి చీకటిగా ఉన్న చోట కూడా సూర్యుడి నుంచి ఏదో వస్తోందని అలా తేలింది.

మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నానోమీటర్ల నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. నానోమీటరంటే మిల్లీమీటర్‌లో పదిలక్షల వంతు. 700 దాటిన దగ్గర మొదలై ఒక మిల్లీమీటర్ దాకా ఉన్నదంతా పరారుణమే. హెర్షెల్ సంగీతజ్ఞుడు కాబట్టి ఆ భాషలోనే చెప్పుకుందాం. హార్మోనియం మీద ఒక షడ్జమం నుంచి పై షడ్జమానికి వెళితే ధ్వని కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ లెక్కన మన కన్ను అందుకునేది ఒక్క స్థాయి కూడా కాదు. పరారుణం పది స్థాయిలకు మించి పరుచుకుని ఉంది. అంటే వెలుగు అనే వాయిద్యంలో మనకు వినిపించేది కొన్ని మెట్లే.

కన్నుకు తెలియకపోయినా ఒంటికి మాత్రం ఇది తెలుసు. మే నెలలో పొద్దు గుంకాక నిజాంసాగర్ కాలువ గట్టు మీద రాళ్ళ దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. రాయిని తాకకుండానే సెగ తెలుస్తుంది. ఆ సెగలో పెద్ద భాగం రాయి వెదజల్లే పరారుణ కాంతే.

శాస్త్రజ్ఞులకు ఆ వెలుగుతో ఇంకో అవసరం ఉంది. అణువులో పరమాణువులు స్ప్రింగులతో కట్టిన గుండ్లలాగా ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి. ఏ పదార్థం ఊగే తీరు దానిదే. ఆ ఊపుల వేగం పరారుణ కాంతి కంపనాల వేగంతో సరిపోతుంది. కాబట్టి పదార్థం వేలిముద్ర పరారుణంలో ఉంటుంది. ఆ వేలిముద్రను నేరుగా తీయడం ఆ రోజుల్లో చాలా కష్టం. మామూలు గాజు దూరపు పరారుణాన్ని మింగేస్తుంది కాబట్టి రాతి ఉప్పుతో పట్టకాలు చేసుకోవాలి. ఫోటో ప్లేటు మీద అది పడదు కాబట్టి అతి కొద్దిపాటి వేడిని కొలిచే సున్నితమైన పరికరాలు కావాలి.

రామన్ ఆవిష్కరణ ఆ కష్టాన్ని చుట్టుదారిలో దాటింది. ఒకే రంగు కాంతిని పదార్థం మీద వేస్తే చెదిరి వచ్చే వెలుగులో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. అతి కొద్ది భాగం మాత్రం తన శక్తిలో కొంత అణువుల ఊపుకు ఇచ్చేసి, రంగు మారి బయటికి వస్తుంది. సంతకు పోయేటప్పుడు జేబులో ఎంత ఉందో, తిరిగి వచ్చాక ఎంత మిగిలిందో తెలిస్తే, దుకాణం చూడకుండానే ఖర్చు చెప్పేయగలం. అలాగే లోపలికి వెళ్ళిన రంగుకూ బయటికి వచ్చిన రంగుకూ తేడా చూస్తే, అణువు ఊపు ఎంతో తేలిపోతుంది. పరారుణంలో ఉన్న సంగతి కంటికి కనిపించే రంగుల్లోనే రాసి ఉంటుంది. ఈ పనికి 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

వజ్రం చెప్పిన లెక్క

కలకత్తాలో భగవంతం చేతిలోకి తీసుకున్న పదార్థాల్లో ముఖ్యమైనది వజ్రం. కృష్ణా తీరంలో దొరికి గోల్కొండ పేరుతో దేశదేశాలు తిరిగిన రాయి అది. కృష్ణా జిల్లాలో పుట్టి, గోల్కొండ పక్కన చదువుకున్న కుర్రవాడు దాన్ని వెలకట్టడానికి కాకుండా అది ఎలా ఊగుతుందో చూడటానికి పట్టుకున్నాడు. 1930లో ఆయనా, విడిగా సి. రామస్వామీ వజ్రం చెదరగొట్టే కాంతిలో ఒక స్పష్టమైన గీతను గుర్తించారు.

ఆ గీతను అంకెల్లో చూద్దాం. పాదరస దీపం ఇచ్చే నీలి కాంతి సుమారు 436 నానోమీటర్లు. అది వజ్రంలో చెదిరి, కొంత శక్తి పోగొట్టుకుని, సుమారు 463 నానోమీటర్ల దగ్గర బయటికి వస్తుంది. రెండూ కంటికి కనిపించే నీలం రంగులే. వాటి మధ్య శక్తి తేడా మాత్రం 7,500 నానోమీటర్ల పరారుణ కాంతికి సమానం. కంటి ఎల్లకు పదిరెట్లు అవతల ఉన్న సంగతి రెండు నీలి గీతల మధ్య దూరంగా మారి ఫోటో ప్లేటు మీద కనిపించింది.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. వజ్రం మీద సరిగ్గా ఆ 7,500 నానోమీటర్ల పరారుణ కాంతినే నేరుగా వేస్తే, స్వచ్ఛమైన వజ్రం ఆ ఊపు కోసం దాన్ని తీసుకోదు, వదిలేస్తుంది. రామన్ పద్ధతిలో అంత గట్టిగా పలికే ఊపు పరారుణంలో మౌనంగా ఉండిపోతుంది. ఎందుకిలా? ఈ ప్రశ్నకు జవాబే భగవంతానికి తర్వాతి ఇరవై ఏళ్ళ పని అయింది.

కలకత్తా రోజుల్లోనే, 1931లో, గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ అనే గుణం ఉందని ప్రయోగంతో చూపించారు. అప్పటికి భగవంతం వయసు ఇరవై రెండేళ్ళు.

వాల్తేరులో సౌష్ఠవం

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలర్. విశ్వవిద్యాలయమే కొత్తది, భౌతికశాస్త్ర విభాగం ఇంకా కొత్తది. ముప్పై ఏళ్ళు నిండకముందే భగవంతం అక్కడ ప్రొఫెసరయ్యారు.

వజ్రం ప్రశ్నకు జవాబు సౌష్ఠవంలో ఉంది. దాన్ని బడి మైదానంలో పిల్లలతోనే చూపించవచ్చు. ముగ్గురు పిల్లలు వరుసగా చేతులు పట్టుకుని నిలబడ్డారనుకోండి. నడుమ ఉన్నది కార్బన్, రెండు పక్కలా ఉన్నవి ఆక్సిజన్. ఇదే కార్బన్ డయాక్సైడ్ అణువు. నడుమ పిల్ల కదలకుండా, పక్కల పిల్లలిద్దరూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలితే రెండు వైపులా సమానం. విద్యుత్ ఆవేశం ఏ పక్కకూ ఒరగదు. పరారుణ కాంతికి పట్టు దొరకదు కాబట్టి ఆ ఊపు దానికి తెలియదు. రామన్ పద్ధతికి మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు పక్క పిల్లలిద్దరూ ముందుకు అడుగేస్తే, నడుమ పిల్ల వెనక్కి అడుగేసిందనుకోండి. ఆవేశం ఒరిగింది. పరారుణానికి పట్టు దొరికింది. ఈ ఊపు రామన్ పద్ధతిలో పలకదు. ఈ రెండో రకం ఊపు వల్లనే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ 15,000 నానోమీటర్ల దగ్గర భూమి సెగను పట్టి ఉంచుతోంది. ఈ రోజు మనం మాట్లాడుకునే భూతాపానికి మూలం అక్కడే ఉంది.

ముగ్గురు పిల్లలయితే చూసి చెప్పేయవచ్చు. పెద్ద అణువుల్లో, స్ఫటికాల్లో ఊపులు పదుల సంఖ్యలో ఉంటాయి. ఏది పరారుణంలో పలుకుతుంది, ఏది రామన్‌లో పలుకుతుంది, ఏది రెండింటిలోనూ పలకదు? భగవంతం, గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు కలిసి సమూహ సిద్ధాంతం అనే గణితంతో దీన్ని స్ఫటికాలకు వర్తింపజేశారు. స్ఫటికం ఆకారం తెలిస్తే చాలు, ప్రయోగం చేయకముందే దాని ఊపుల జాతకం చెప్పే పద్ధతి అది. 1940లో కాంతి పరిక్షేపణ, రామన్ ఫలితాల మీద ఆయన పుస్తకం, 1948లో వెంకటరాయుడితో కలిసి రాసిన సమూహ సిద్ధాంత పుస్తకం రెండూ వాల్తేరు నుంచే వెలువడ్డాయి. రెండోది తర్వాత విదేశాల్లో కూడా అచ్చయింది.

ఈ పనంతా ప్రశాంతంగా కూర్చుని చేసింది కాదు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం తట్టాబుట్టా సర్దుకుని కొంతకాలం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. కాగితం, పెన్సిలుతో నడిచే శాస్త్రం కాబట్టి అది ఆగలేదు.

ఉస్మానియా రోజులు

1948, 49ల్లో ఆయన లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేశారు. 1949లో హైదరాబాదు వచ్చి ఉస్మానియాలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. తాను విద్యార్థిగా వదిలి వెళ్ళిన నగరం అప్పటికి పూర్తిగా మారిపోయింది. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది. ఉస్మానియాలో బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారుతోంది. నిన్నటిదాకా ఉర్దూలో భౌతికశాస్త్రం చదివిన పిల్లలు, చెప్పిన అధ్యాపకులు కొత్త భాషలోకి అడుగుపెట్టవలసిన రోజులవి. మన పెద్దల్లో ఉర్దూ మీడియంలో మొదలుపెట్టి ఇంకో భాషలో ముగించిన వాళ్ళకు ఆ ఇబ్బంది ఏమిటో తెలుసు.

1952లో ఆయన వైస్ ఛాన్సలరయ్యారు. ముల్కీ ఉద్యమంతో హైదరాబాదు అట్టుడికిన ఏడాది అది. ఉద్యోగాల్లో స్థానికులకు అన్యాయం జరుగుతోందని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కోస్తాలో పుట్టి హైదరాబాదులో చదివిన మనిషి అలాంటి సమయంలో ఆ కుర్చీలో కూర్చోవడం తేలిక కాదు. ఆయన ఉన్న అయిదేళ్ళలోనే హైదరాబాదు రాష్ట్రం పోయి, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పాలకులు, సరిహద్దులు, భాష మారుతున్న కాలంలో విశ్వవిద్యాలయం దీపం ఆరిపోకుండా చూసే పని ఆయనకు దక్కింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. భగవంతం పేరు చెప్పగానే శాస్త్రలోకం తలచుకునే పనులు దాదాపు అన్నీ నలభై ఏళ్ళలోపు చేసినవే. ఆ తర్వాత ఫైళ్ళు, నియామకాలు, భవనాలు, సమావేశాలు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం మీద మరో మంచి పుస్తకం రాశారు కాబట్టి శాస్త్రాన్ని పూర్తిగా వదిలేయలేదు. అయినా చేతిలో ఉన్న పరిశోధనను పక్కన పెట్టి ఇతరులు పరిశోధన చేసుకోవడానికి చోటు కట్టడం ఒక త్యాగమే. అది లాభమా నష్టమా అని ఎవరైనా వాదించవచ్చు. ఉపాధ్యాయులకు మాత్రం ఆ లెక్క పరిచయమే. మనకు పాఠం చెప్పిన వాళ్ళలో ఎంతమంది తమ పైచదువు ఆపుకుని మన నోట్సులు దిద్దారో మనకు తెలియనిది కాదు.

గురువు కూర్చున్న కుర్చీ

1957లో భగవంతం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. 1933లో ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టర్‌గా వచ్చినది రామనే. గురువు కూర్చున్న కుర్చీలో శిష్యుడు కూర్చున్నారు. రామన్ అప్పటికి అదే నగరంలో తన సొంత పరిశోధన సంస్థలో పనిచేసుకుంటున్నారు.

1961లో దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు పదవి వచ్చింది. డి.ఎస్. కొఠారి తర్వాత ఆ బాధ్యత తీసుకున్నది ఆయనే. 1969 దాకా ఆ పదవిలో ఉన్నారు. చైనాతో 1962 యుద్ధం, పాకిస్తాన్‌తో 1965 యుద్ధం ఈ కాలంలోనివే. 1962లో క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ హైదరాబాదుకు రావడం, 1963లో లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ అక్కడే మొదలవడం ఆయన హయాంలో జరిగాయి. మన జిల్లా ఇంజనీర్లకు హైదరాబాదులో ఉద్యోగాలిచ్చిన ఆ ప్రయోగశాలలకు పునాది పడినది అప్పుడే.

రక్షణ రంగంలో పరారుణ కాంతి ముఖం వేరు. అక్కడ అది చీకట్లో శత్రువును చూపే వెలుగు. మనిషి ఒళ్ళు, వాహనం ఇంజను చీకట్లో కూడా పరారుణంలో వెలుగుతూనే ఉంటాయి. ఆ వెలుగును చూడాలంటే పరికరం కావాలి, కన్ను చాలదు. మళ్ళీ అదే ప్రశ్న. కన్ను ఎందుకు చాలదు?

కన్ను ఎందుకు చూడదు

ఈ ప్రశ్నకు జవాబు దొరికినది కూడా ఆ ఏళ్ళలోనే. వృద్ధాప్యంలో రామన్ దృష్టి కంటి మీదికి మళ్ళింది. 1968లో చూపు గురించి ఒక పుస్తకం వెలువరించారు. ఆయన సిద్ధాంతాన్ని కంటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. ఎంత పెద్ద శాస్త్రజ్ఞుడి మాటైనా ప్రయోగం ముందు నిలబడాల్సిందే. అంతకు ఏడాది ముందు, 1967లో, కంటిలో చూపు మొదలయ్యే అణువు రహస్యం విప్పినందుకు జార్జ్ వాల్డ్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ అణువు పేరు రెటినాల్. విటమిన్ ఏ నుంచి తయారవుతుంది. రేచీకటికి విటమిన్ ఏ లోపం కారణమని మనం చదువుకున్నది ఇందుకే. కంటి వెనక పొరలోని దండాల్లో, శంకువుల్లో ఈ అణువు మోకాలు ముడిచి కూర్చున్నట్టు వంగి ఉంటుంది. తగినంత శక్తి ఉన్న ఫోటాన్ తగిలితే తటాలున నిటారవుతుంది. ఆ కదలికే నాడి సంకేతంగా మారి మెదడుకు వెలుగు కనిపించిందని చెబుతుంది. ఎరుపు ఫోటాన్‌కు ఆ తాళం తీసేంత బలం అంతంతమాత్రంగా ఉంటుంది. ఎరుపు దాటే కొద్దీ ఆ బలం తగ్గిపోతుంది. వజ్రం దగ్గర చెప్పుకున్న 7,500 నానోమీటర్ల ఫోటాన్‌లో ఎరుపు ఫోటాన్ శక్తిలో పదోవంతు కూడా లేదు. అలాంటివి ఎన్ని తగిలినా అణువు నిటారు కాదు. తగిలిన చోట కాస్త వేడెక్కుతుంది, అంతే.

అయితే ఇంత తేలికపాటి ఫోటాన్‌కు కూడా తెరుచుకునే తాళం ప్రకృతి ఎందుకు చేసుకోలేదు? దీనికి జవాబు మన ఒంట్లోనే ఉంది. మన ఒళ్ళు 37 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ వేడికి ఒళ్ళు సుమారు 9,300 నానోమీటర్ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా వెలుగుతుంది. కంటి గుడ్డు కూడా ఆ ఒంట్లో భాగమే. పరారుణానికి తెరుచుకునే తాళమైతే కంటి సొంత వేడికే తెరుచుకుంటూ ఉండేది. రేకుల షెడ్డు మీద జడివాన కురుస్తుంటే కింద గుసగుస వినిపించనట్టు, బయటి వెలుగు మన సొంత సెగలో కలిసిపోయేది. ఇప్పుడున్న తాళం ఎంత గట్టిదంటే, దండాల్లోని ఒక్కో అణువు వెలుగు తగలకుండా ఊరికే తెరుచుకోవాలంటే సగటున కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. ఒక్కో దండంలో అలాంటి అణువులు పది కోట్ల దాకా ఉంటాయి. అందుకే చిమ్మచీకట్లో ఒకే ఒక్క ఫోటాన్ తగిలినా దండం పసిగట్టగలదు. పరారుణం కనిపించకపోవడం అనే వెల చెల్లించి, చీకట్లో మినుకుమనే చుక్కను చూసే శక్తి మనం కొనుక్కున్నాం.

ఇది వట్టి ఊహ కాదు. అంతరిక్షంలో పరారుణాన్ని చూడటానికి 2021 డిసెంబర్‌లో పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఎండ తగలకుండా పెద్ద తెరల చాటున, మైనస్ 220 డిగ్రీల కన్నా చల్లగా పనిచేస్తుంది. తన వేడి తనకే అడ్డు రాకుండా ఆ ఏర్పాటు. వెచ్చని నెత్తురున్న మనకు ఆ దారి లేదు. కంటికీ ముక్కుకూ నడుమ చిన్న గుంటలుండే పింజర జాతి పాములు చీకట్లో ఎలుక సెగను పసిగడతాయి. అవి కూడా కళ్ళతో చూడవు. గుంటలోని పల్చని పొర వేడెక్కడం వల్ల గ్రహిస్తాయి. ఇవికాక, మన కంటిలో ఉన్న నీరు దూరపు పరారుణాన్ని వెనక పొర దాకా పోనివ్వదు.

ఎల్ల శక్తిదేనని చెప్పే సాక్ష్యం ఇంకొకటి ఉంది. 1,000 నానోమీటర్ల లేజర్ వెలుగును అతి పొట్టి తునకలుగా పంపితే మనుషులకు ఆకుపచ్చగా కనిపిస్తుందని 2014లో తేలింది. రెండు ఫోటాన్లు ఒకే అణువుకు ఒకేసారి తగిలి, తమ శక్తి కలుపుకుని 500 నానోమీటర్ల ఫోటాన్ పని చేస్తాయన్నమాట. నిపుణుల ప్రయోగశాలలో చేసినది కాబట్టి సరిపోయింది. లేజర్‌ను మనం కంటి దగ్గరికి తేకూడదు.

ఇప్పుడు మళ్ళీ భగవంతం దగ్గరికి వద్దాం. ఈ రెటినాల్ అణువు ఎలా వంగి ఉంది, ఎలా నిటారవుతుంది అని 1970ల్లో శాస్త్రజ్ఞులు వెతికినప్పుడు వాళ్ళకు సాయపడిన పద్ధతుల్లో రామన్ వర్ణపటం ఒకటి. అణువు ఊపులు పరారుణంలో ఉన్నాయి. వాటిని కనిపించే వెలుగుతో చదివారు. కలకత్తాలో వజ్రం మీద కుర్రవాడు నేర్చిన చదువే, కన్ను పరారుణాన్ని ఎందుకు చూడలేదో అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది.

చివరి రోజులు, మన పని

పదవులు వదిలాక భగవంతం పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తుడిగా, ఆయన ప్రసంగాలను ఇంగ్లీషులోకి చెప్పేవారిగా కూడా చాలామందికి తెలిశారు. 1989 ఫిబ్రవరి 6న, ఎనభయ్యో ఏట కన్నుమూశారు. రామన్ పేరు ఫిబ్రవరి 28న ప్రతి బడిలో వినిపిస్తుంది. ఆయన ఆవిష్కరణకు లెక్కల పుస్తకం రాసిన తెలుగు శిష్యుడి పేరు మన పిల్లలకు అంతగా తెలియదు.

ఆ లోటు తీర్చడం కష్టమేమీ కాదు. పట్టకం ఒకటి, థర్మామీటర్లు మూడు, అట్టపెట్టె ఒకటి ఉంటే హెర్షెల్ ప్రయోగం మన బడి వరండాలోనే చేయవచ్చు. థర్మామీటర్ల బల్బులకు నల్లరంగు పూయాలి. ఒకటి నీలం మీద, ఒకటి పసుపు మీద, ఒకటి ఎరుపు పక్కన చీకట్లో పెట్టాలి. పట్టకం ఎరుపు వైపు వెలుగును దగ్గరగా కుదిస్తుంది కాబట్టి అక్కడ వేడి మరీ బాగా తెలుస్తుంది. టీవీ రిమోట్ బటన్ నొక్కి, దాని బల్బును ఫోన్ కెమెరాలో చూస్తే ఇంకా తేలిక. కంటికి ఏమీ కనిపించదు, తెర మీద మాత్రం వెలుగుతుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడాలి. కొన్నిటికి పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది.

స్వర్ణోత్సవం గుర్తుగా మనం బడికి ఇవ్వాలనుకుంటున్న వస్తువుల జాబితాలో ఈ పట్టకం, థర్మామీటర్లు కూడా చేర్చుకుందాం. వచ్చే ఫిబ్రవరి 28న ఆ ప్రయోగం చేయిస్తూ రామన్ పేరు పక్కన ఆగిరిపల్లి భగవంతం పేరు కూడా బోర్డు మీద రాయిద్దాం. ఎరుపు తర్వాత ఏముందని మాస్టారు అడిగినప్పుడు, అది ఎందుకు కనిపించదని ఒక్క పిల్ల తిరిగి అడిగినా మన డబ్బు వృథా పోనట్టే.